స్లైడ్‌లో బొమ్మ పెట్టేముందు, ఫారం మీద సంతకం చేసేముందు

యూనివర్సిటీ లైబ్రరీలో అధ్యాపకులకూ పరిశోధక విద్యార్థులకూ కాపీరైట్ సందేహాలు తీర్చడం నా పనుల్లో ఒకటి. ఈ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి చూస్తున్నాను, మనవాళ్లు భయపడాల్సిన చోట భయపడరు, అక్కర్లేని చోట వణికిపోతారు. "క్లాసులో ఎవరిదో గ్రాఫ్ తెర మీద చూపించానండీ, ఏమైనా అవుతుందా?" అని అడిగిన మనిషే, ఏళ్ల తరబడి చేసిన పరిశోధన మీది హక్కులన్నీ పబ్లిషర్‌కు రాసిచ్చే ఫారాన్ని చదవకుండానే "ఐ అగ్రీ" నొక్కేసి వస్తారు. మొదటిది చాలా దేశాల్లో చట్టమే ఒప్పుకునే పని. రెండోదాన్ని వెనక్కి తీసుకోవడం మాత్రం చాలా కష్టం. అందుకే ఇతరుల రచనను ఎలా వాడుకోవాలో చెబుతూనే, మీ రచన మీద మీ పట్టు ఎలా నిలుపుకోవాలో కాస్త గట్టిగా చెబుతాను.

చట్టం దేశానికో రకంగా ఉంటుంది. నేను చెప్పేది రోజువారీ పని నడుపుకునే పద్ధతి. నోటీసు చేతికొచ్చాక మాత్రం వెళ్లాల్సింది లాయర్ దగ్గరికే.

గుర్తు లేకపోయినా హక్కు ఉంటుంది

కాపీరైట్‌కు దరఖాస్తు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, సున్నాలో "సి" గుర్తు అక్కర్లేదు. 1886లో మొదలైన బెర్న్ ఒప్పందంలో ఇప్పుడు 180కి పైగా దేశాలున్నాయి. వాటిలో ఎక్కడైనా సరే, రచన కాగితం మీదికో ఫైల్లోకో ఎక్కితే చాలు, హక్కు దానంతట అదే వస్తుంది. కాబట్టి "ఎక్కడా కాపీరైట్ అని రాసి లేదండీ" అంటే కుదరదు. "గూగుల్‌లో దొరికింది" అన్నది అసలు జవాబే కాదు. ఏమీ రాసి లేకపోతే హక్కులన్నీ రాసినవాళ్లవే అని లెక్క.

అయితే ఈ హక్కు రాసిన తీరుకీ గీసిన తీరుకీ మాత్రమే. అందులోని ఆలోచనకూ వాస్తవాలకూ కాదు. పరిశోధకులకు ఇది చాలా ఉపయోగపడే తేడా. పేపర్‌లో అచ్చయిన బొమ్మకు కాపీరైట్ ఉంటుంది, ఆ బొమ్మ వెనకున్న కొలతలకు ఉండదు. ఎవరిదో బార్ చార్ట్ మీ సమీక్షా వ్యాసంలో కావాలనుకోండి. ఆ పేపర్‌తో పాటు ఇచ్చే సప్లిమెంట్ ఫైల్లో చాలాసార్లు అంకెలు ఉంటాయి. వాటిని తీసుకుని మీ సాఫ్ట్‌వేర్‌లో మీరే గీసుకుని, కింద "ఫలానా పేపర్‌లోని డేటా ఆధారంగా" అని రాయండి. అనుమతుల తంటా తీరిపోతుంది, పైగా మీకు కావలసిన రెండు గీతలే గీసుకోవచ్చు. అదే రంగులు, అదే అమరిక, అవే బాణాలతో అచ్చు దింపితే మాత్రం అది కొత్తగా గీసినట్టు కాదు. ఒక మినహాయింపు కూడా ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 1996 నుంచి డేటాబేస్‌లకు విడిగా ఒక హక్కు ఉంది. నాలుగంకెలు తీసుకుంటే ఏమీ కాదు గానీ మొత్తం డేటాబేస్‌ను దించుకుంటే చిక్కే.

గడువు సంగతి క్లుప్తంగా: రచయిత పోయాక కనీసం 50 ఏళ్లని బెర్న్ ఒప్పందం అంటుంది, భారతదేశంలో 60, అమెరికాలోనూ యూరోపియన్ యూనియన్‌లోనూ మామూలుగా 70. పాత గ్రంథం గడువు దాటినా, దానికి నిన్నమొన్న ఎవరో రాసిన పీఠికకూ వ్యాఖ్యానానికీ అనువాదానికీ వేరే హక్కులుంటాయని మరవకండి.

మూలం పేరు రాస్తే సరిపోతుందా?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. సరిపోదు. గ్రంథచౌర్యం వేరు, కాపీరైట్ ఉల్లంఘన వేరు. గడువు తీరిన పుస్తకంలోంచి ఒక పేరా ఎత్తి సొంతదానిలా రాసుకుంటే అది చౌర్యమే, ఉల్లంఘన మాత్రం కాదు. కొత్త పుస్తకంలోని మూడు అధ్యాయాలు స్కాన్ చేసి, పైన రచయిత పేరు, ప్రచురణ సంవత్సరం అన్నీ పొందికగా రాసి అందరికీ కనిపించేలా వెబ్‌సైట్‌లో పెడితే అది చౌర్యం కాదు, ఉల్లంఘన అవుతుంది. మొదటి తప్పును చూసేది యూనివర్సిటీ క్రమశిక్షణ సంఘం, రెండోదాన్ని చూసేది కోర్టు. ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్‌లో శాతం తక్కువ వచ్చిందని నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ రెండో గుమ్మం ఉందనే మరిచిపోతారు.

గదిలో, లాగిన్ వెనక, బహిరంగంగా

పాఠానికి ఏదైనా వాడే ముందు "ఇది ఎవరిది?" అని అడగడం అందరికీ తెలుసు. "ఇది ఎక్కడికి వెళ్తుంది?" అని కూడా అడగండి. ఒకే బొమ్మ మూడు చోట్ల మూడు రకాలుగా లెక్కలోకి వస్తుంది.

నలుగురి ముందు తరగతి గదిలో చూపించడానికి దాదాపు ప్రతి చట్టంలోనూ ఏదో ఒక మినహాయింపు ఉంటుంది. అమెరికాలో ఫెయిర్ యూజ్ కింద నాలుగు అంశాలు తూచి చూస్తారు: వాడకం ఎందుకు, రచన ఎలాంటిది, ఎంత భాగం తీసుకున్నారు, దానివల్ల అసలు రచన అమ్మకానికి ఏమైనా దెబ్బా. బ్రిటన్‌లో బోధనకు ఉదాహరణగా వాడుకోవడానికి విడి నిబంధన ఉంది. భారత చట్టంలో 52వ సెక్షన్, బోధనలో భాగంగా గురువు గానీ విద్యార్థి గానీ ప్రతులు తీసుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు.

ఆ 52వ సెక్షన్ ఎంతవరకు వర్తిస్తుందో ఒక కేసులో తేలింది. ఢిల్లీ యూనివర్సిటీ కోర్స్ ప్యాక్‌ల (పుస్తకాల్లోని భాగాలు జిరాక్స్ తీసి కుట్టిన పాఠాల కట్టల) మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో కేసు వేశాయి. 2016 సెప్టెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి, డిసెంబర్‌లో డివిజన్ బెంచ్ తీర్పులిచ్చాయి. ఇన్ని పేజీలు దాటకూడదనే లెక్క కన్నా, బోధనకు అంత భాగం అవసరమా కాదా అన్నదే ముఖ్యమని బెంచ్ చెప్పింది. 2017లో పబ్లిషర్లే కేసు వదులుకున్నారు. అమెరికాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ మీద 2008లో వేసిన ఇలాంటి కేసు 2020 దాకా సాగింది. కింది కోర్టు పది శాతం గీత గీస్తే, 2014లో అప్పీలు కోర్టు ఆ గీతను చెరిపేసి, ఒక్కో వాడకాన్నీ విడిగా తూచమంది. కాబట్టి ఎవరైనా "పది శాతం వరకు ఫర్వాలేదు" అని ధీమాగా చెబితే, ఏ దేశంలో, ఏ చట్టం ప్రకారం అని అడగండి. సొంతంగా అంతర్గత పరిమితి పెట్టుకున్న యూనివర్సిటీలున్నాయి. అది వాళ్ల జాగ్రత్త, చట్టం కాదు.

రెండోది లాగిన్ వెనక ఉండే కోర్సు సైట్. ఆ సెమిస్టర్‌లో చేరినవాళ్లకే కనిపించాలి, కోర్సు అయిపోగానే మూతపడాలి. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన ఆదేశం ఆన్‌లైన్ బోధనకు వెసులుబాటు ఇస్తూనే, విద్యార్థులూ సిబ్బందీ మాత్రమే చూడగలిగే భద్రమైన చోటే ఉండాలని షరతు పెట్టింది. ఇక్కడ నా సలహా ఒక్కటే. పీడీఎఫ్ ఎక్కించకండి, లింకు ఇవ్వండి. లైబ్రరీ చందా కట్టిన వ్యాసమైతే దాని డీఓఐ (వ్యాసానికి ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) లింకు ఇస్తే చాలు, విద్యార్థి తన లాగిన్‌తో తెరుచుకుంటాడు. లింకు ఇస్తే ప్రతి తీసినట్టు కాదు. ఇంకో లాభం కూడా ఉంది. ఎంతమంది తెరిచారో లైబ్రరీ లెక్కలో పడుతుంది, వచ్చే ఏడాది ఆ చందా నిలబెట్టుకోవడానికి మాకు ఆ లెక్కే ఆధారం. స్కాన్ చేసిన పీడీఎఫ్ చేతులు మారితే ఆ పత్రికను ఎవరూ చదవడం లేదనే మాకు కనిపిస్తుంది.

మూడోది బహిరంగం: యూట్యూబ్, అందరికీ తెరిచి ఉండే వెబ్‌పేజీ, ఓపెన్ ఆన్‌లైన్ కోర్సు. బోధనకు ఇచ్చిన మినహాయింపులు చాలావరకు ఈ గుమ్మం దాకా వచ్చి ఆగిపోతాయి. గదిలో చూపించిన స్లైడ్‌లే రికార్డింగ్‌లోకి వెళ్తే లెక్క మారుతుంది. రికార్డ్ చేయబోయే పాఠానికి స్లైడ్‌లను మొదటి నుంచే బహిరంగానికి తగ్గట్టు తయారుచేసుకోండి. తర్వాత ఎడిటింగ్‌లో ఒక్కో బొమ్మకూ మసక పూయడం నరకం.

ఈమధ్య వచ్చిన మరో తలనొప్పి. లైబ్రరీ చందాతో దించుకున్న పీడీఎఫ్‌లను ఏఐ చాట్‌బాట్‌లోకి ఎక్కించి "సారాంశం చెప్పు" అనడం. చట్టం ఏమన్నా, లైబ్రరీ పబ్లిషర్‌తో చేసుకున్న ఒప్పందం విడిగా ఉంటుంది. కొన్ని ఒప్పందాల్లో దీన్ని సూటిగా నిషేధించారు, కొన్నిటిలో అనుమతించారు. ఎక్కించేముందు ఒక మెయిల్ పెట్టి అడగండి, అందుకే మేమున్నాం.

ఉచితంగా చదవగలగడం ఓపెన్ కాదు

2002 నాటి బుడాపెస్ట్ ప్రకటన ఓపెన్ యాక్సెస్‌ను నిర్వచించినప్పుడు చదవడంతో ఆపలేదు. దించుకోవడం, ప్రతులు తీయడం, పంచడం కూడా అందులో చేర్చింది. వాస్తవంలో మాత్రం చదవడానికి తెరిచి ఉన్నవన్నీ అలా ఉండవు. పత్రికలో రాకముందే పేపర్లను (ప్రిప్రింట్‌లను) ఉంచే ఆర్కైవ్ (arXiv) సైట్‌నే తీసుకోండి. 1991 నుంచి నడుస్తోంది, అన్నీ ఉచితంగా చదువుకోవచ్చు. కానీ అందులో చాలా పేపర్లకు రచయిత ఇచ్చింది "పంపిణీ చేసుకోండి" అని ఆర్కైవ్‌కు ఇచ్చిన అనుమతి మాత్రమే. అందులోంచి బొమ్మ తీసి మీ పుస్తకంలో వేసుకొమ్మని మీకు ఇచ్చిన అనుమతి కాదు. సారాంశం పేజీలో పీడీఎఫ్ లింకుల దగ్గర లైసెన్స్ లింకు ఉంటుంది, అది నొక్కి చూడండి.

ఓపెన్ లైసెన్స్ అంటే హక్కుదారు ముందే అందరికీ రాసిపెట్టిన అనుమతి పత్రం. హక్కు వదులుకోవడం కాదు. ఇలాంటి లైసెన్స్‌లు తయారుచేసే క్రియేటివ్ కామన్స్ (సీసీ) సంస్థ 2001లో పుట్టింది, మొదటి లైసెన్స్‌లు 2002 డిసెంబర్‌లో వచ్చాయి, ఇప్పుడు వాడుకలో ఉన్న 4.0 కూర్పు 2013లో వచ్చింది. నాలుగు ముక్కలు తెలిస్తే ఆరు లైసెన్స్‌లూ తెలిసినట్టే. "బై" అంటే పేరు చెప్పాలి. "ఎస్ఏ" అంటే మార్చి పంచితే అదే లైసెన్స్ కింద పంచాలి. "ఎన్‌సీ" అంటే వ్యాపారానికి వద్దు. "ఎన్‌డీ" అంటే మార్చినదాన్ని పంచొద్దు. వీటికి పక్కన సీసీ జీరో ఉంది, అది హక్కులన్నీ వదిలేసినట్టు. ఇచ్చిన లైసెన్స్‌ను తర్వాత వెనక్కి తీసుకోలేరు. వెబ్‌సైట్ నుంచి ఫైలు తీసేసినా, అప్పటికే పుచ్చుకున్నవాళ్లు అదే షరతు మీద వాడుకోవచ్చు.

పేరు చెప్పడం ఎలాగో దగ్గరగా చూద్దాం. జీవశాస్త్రం పాఠానికి వికీమీడియా కామన్స్ నుంచి కణం బొమ్మ తీసుకుని, ఇంగ్లీషు లేబుళ్లు చెరిపి తెలుగులో పెట్టారనుకుందాం. "మూలం: ఇంటర్నెట్" అనో "మూలం: వికీపీడియా" అనో రాస్తే లైసెన్స్ షరతు పాటించినట్టు కాదు. బొమ్మ కిందే, చిన్న అక్షరాల్లో అయినా, ఇలా రాయాలి:

"జంతుకణం అడ్డుకోత", గీసినవారు: (కామన్స్ పేజీలో ఉన్న పేరు), వికీమీడియా కామన్స్, సీసీ బై-ఎస్ఏ 4.0. లేబుళ్లు తెలుగులోకి మార్చాం.

శీర్షిక మీద బొమ్మ పేజీ లింకు, లైసెన్స్ పేరు మీద లైసెన్స్ లింకు పెట్టండి. చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ మార్చామని చెప్పడం షరతుల్లో ఒకటి. ఇది ఎస్ఏ కాబట్టి మీరు మార్చిన బొమ్మ కూడా సీసీ బై-ఎస్ఏ కిందే ఉంటుంది. మిగతా నలభై స్లైడ్‌లకు ఆ షరతు అంటదు. బొమ్మ విడిగా నిలబడుతోంది, స్లైడ్‌లు దాన్ని పక్కన పెట్టుకున్నాయంతే. ఎప్పుడైనా పేరు రాయడం మరిచిపోయారని ఎవరైనా చెబితే కంగారు వద్దు, 4.0 కూర్పులో తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే అనుమతి మళ్లీ దానంతట అదే అమల్లోకి వస్తుంది.

తిరకాసంతా కలపడంలో వస్తుంది. వికీపీడియా పాఠ్యం సీసీ బై-ఎస్ఏ 4.0. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్ పాఠాలు సీసీ బై-ఎన్‌సీ-ఎస్ఏ 4.0. రెండూ ఓపెనే కదా అని రెండింటిలోంచి పేరాలు తీసి, కలిపి, ఒక కొత్త పాఠంగా రాసి పంచబోతే కుదరదు. ఒకటేమో "నా లైసెన్స్ కిందే పంచు, వ్యాపారానికీ ఇవ్వు" అంటుంది, రెండోది "నా లైసెన్స్ కిందే పంచు, వ్యాపారానికి ఇవ్వకు" అంటుంది. ఇద్దరి మాటా ఒకేసారి నిలబెట్టలేరు. దారి ఏమిటంటే, కలిపి వండకుండా రెండూ విడివిడి భాగాలుగా ఒకే సంకలనంలో, ఎవరి లైసెన్స్ వాళ్లకు ఉంచి పెట్టడం. లేదా ఒకదాన్ని చదివి, అర్థం చేసుకుని, మీ మాటల్లో మీరే రాయడం. రెండో దారే మంచిదని నా అభిప్రాయం, పాఠం కూడా బాగుంటుంది.

తెలుగులో పాఠాలు తయారుచేసేవాళ్లు ఎన్‌డీ దగ్గర ప్రత్యేకంగా ఆగాలి. అనువాదం కూడా మార్పే. సీసీ బై-ఎన్‌డీ కింద ఉన్న అధ్యాయాన్ని 4.0 షరతుల ప్రకారం మీకోసం మీరు తెలుగు చేసుకోవచ్చు గానీ దాన్ని పంచకూడదు. మొత్తం పుస్తకం అనువదించాక ఈ సంగతి తెలిస్తే ఎంత బాధో ఊహించుకోండి. మొదటి పేజీ అనువదించేముందే లైసెన్స్ చూడండి. ఎన్‌డీ అయితే రచయితకు రాయండి. చాలామంది రచయితలు సంతోషంగా ఒప్పుకుంటారు, అనువాదాలు ఎవరూ చేయకూడదని కోరుకుని వాళ్లు ఎన్‌డీ పెట్టి ఉండరు.

పుస్తకం మీద ఉన్న లైసెన్స్ అందులోని ప్రతి బొమ్మకూ వర్తించదని కూడా గుర్తుంచుకోండి. ఓపెన్ పాఠ్యపుస్తకంలో ఒక ఫొటో కింద "అనుమతితో" అని ఉంటే ఆ అనుమతి ఆ పుస్తకానికే, మీకు కాదు. ఓపెన్ పాఠ్యపుస్తకాలు వేసే ఓపెన్‌స్టాక్స్ లాంటి ఒకే ప్రచురణ సంస్థలో కూడా కొన్ని పుస్తకాలు సీసీ బై, కొన్ని ఎన్‌సీ-ఎస్ఏ. పుస్తకం పుస్తకానికీ చూసుకోవాల్సిందే.

మీ నోట్సుకు మీరు ఏ లైసెన్స్ పెట్టాలి? ముందు అవి మీవో కాదో చూసుకోండి. ఉద్యోగంలో భాగంగా రాసినవి యాజమాన్యానివని చాలా చట్టాలు అంటాయి. యూనివర్సిటీ మేధోసంపత్తి విధానంలో బోధన సామగ్రి అధ్యాపకులదేనని రాసి ఉంటే మీకు దిగుల్లేదు. మీవే అయితే నేను సీసీ బై అంటాను. ఎన్‌సీ పెట్టాలని చాలామందికి చెయ్యి లాగుతుంది, "నా నోట్సు మీద ఎవడో సొమ్ము చేసుకుంటాడు" అని. ఆ బాధ అర్థమవుతుంది. కానీ ఫీజులు తీసుకునే ప్రైవేటు కాలేజీ వాడుకోవచ్చా, ప్రకటనలున్న వెబ్‌సైట్ పెట్టుకోవచ్చా అన్న అనుమానంతో మీరు ఎవరికోసం రాశారో వాళ్లే వెనకాడతారు.

పబ్లిషర్ ఫారం: క్రియాపదం చూడండి

పేపర్ అంగీకరించారని మెయిల్ వచ్చిన రోజు సంబరంలో ఉంటాం. ఆ మెయిల్ వెనకే ఫారం వస్తుంది. అందులో అన్నిటికన్నా ముందు చూడాల్సింది క్రియాపదం. "ట్రాన్స్‌ఫర్" అనో "అసైన్" అనో ఉంటే కాపీరైట్ చేతులు మారుతోంది. "ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్" అంటే కాపీరైట్ కాగితం మీద మీదే, కానీ అమలుచేసే అధికారం వాళ్లదే, ఆచరణలో తేడా తక్కువ. "నాన్ ఎక్స్‌క్లూజివ్" అంటే వాళ్లకూ ఇచ్చారు, మీరూ వాడుకోవచ్చు. మనకు కావలసింది ఇదే.

తర్వాత, తిరిగి మీకు ఏం ఇస్తున్నారో చూడండి. మీ థీసిస్‌లో చేర్చుకోవచ్చా, మీ క్లాసులో పంచవచ్చా, సంస్థ రిపాజిటరీలో (యూనివర్సిటీ తన పరిశోధనలను ఆన్‌లైన్‌లో ఉంచే చోట) ఏ ప్రతిని ఎన్నాళ్ల తర్వాత పెట్టవచ్చు, అనువదించుకోవచ్చా. ఇక్కడ ప్రతులు మూడు రకాలు. సమీక్షకు పంపింది ప్రిప్రింట్. సమీక్షకులు అడిగిన మార్పులన్నీ చేసి చివరిగా మీరు పంపిన వర్డ్ ఫైలో లేటెక్ ఫైలో ఆమోదిత రాతప్రతి. పబ్లిషర్ అచ్చు అమర్చి, పేజీ నంబర్లు, లోగో వేసినది తుది ప్రతి. చాలా పత్రికలు తుది ప్రతి పెట్టుకోనివ్వవు, ఆమోదిత ప్రతిని పెట్టుకోనిస్తాయి, కొన్ని వెంటనే, కొన్ని 12 నుంచి 24 నెలల తర్వాత. ఏ పత్రిక ఏమంటుందో బ్రిటన్ సంస్థ జిస్క్ నడిపే ఓపెన్ పాలసీ ఫైండర్ అనే సైట్‌లో పేరు కొట్టి చూడవచ్చు. పాతవాళ్లకు అది షెర్పా రోమియోగా తెలుసు.

ఒక చిన్న అలవాటు చేసుకోండి. అంగీకార మెయిల్ వచ్చిన రోజే ఆ చివరి ఫైల్‌ను "ఆమోదిత" అని పేరు పెట్టి, మెయిల్‌తో పాటు ఒక ఫోల్డర్‌లో దాచండి. రెండేళ్ల తర్వాత గడువు తీరాక రిపాజిటరీకి ఇమ్మని మేం అడిగితే, పదిమందిలో ఎక్కువమంది దగ్గర లోగో ఉన్న పీడీఎఫ్ తప్ప ఇంకేమీ ఉండదు. ఆ పీడీఎఫ్‌నే పరిశోధకులు పేపర్లు పంచుకునే రీసెర్చ్‌గేట్ సైట్‌లో పెట్టేసేవాళ్లూ ఉన్నారు. ఇలా పెట్టినవాటి మీదే పబ్లిషర్లయిన ఎల్సెవియర్, అమెరికన్ కెమికల్ సొసైటీ 2017లో జర్మనీలో ఆ సంస్థ మీద కేసు వేశాయి, 2023లో రాజీ కుదిరింది.

ఫారం నచ్చకపోతే అడగండి. అడిగితే పేపర్ వెనక్కి పంపేస్తారని భయం అక్కర్లేదు. ఎడిటర్‌ది ఒక బల్ల, ఒప్పందాలు చూసేవాళ్లది ఇంకో బల్ల. ఓపెన్ యాక్సెస్ కోసం పనిచేసే స్పార్క్ సంస్థ తయారుచేసిన, రచయిత ఏయే హక్కులు ఉంచుకుంటారో చెప్పే అనుబంధ పత్రం ఉంది, దాన్ని ఫారంతో జతచేసి పంపవచ్చు. వాళ్లు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఇంకా గట్టి దారి, పేపర్ పంపేటప్పుడే కృతజ్ఞతల భాగంలోనూ కవర్ లెటర్‌లోనూ ఒక వాక్యం రాయడం: ఓపెన్ యాక్సెస్ నిమిత్తం, ఈ సమర్పణ నుంచి వచ్చే ఆమోదిత రాతప్రతికి రచయిత సీసీ బై లైసెన్స్ వర్తింపజేశారు. తాము డబ్బిచ్చిన పరిశోధన అందరికీ ఓపెన్‌గా ఉండాలంటూ 2018లో వచ్చిన ప్లాన్ ఎస్ వెనకున్న నిధుల సంస్థలు ఈ పద్ధతిని ముందుకు తెచ్చాయి. హార్వర్డ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ అధ్యాపకులు 2008లోనే ఓటేసి, తమ వ్యాసాల మీద యూనివర్సిటీకి ముందస్తు అనుమతి ఇచ్చేశారు. ఎంతో పేరున్న వ్యక్తి కూడా ఒంటరిగా పబ్లిషర్‌తో బేరమాడటం కష్టం, యూనివర్సిటీయే వెనక నిలబడితే సగం బరువు దిగుతుంది. మీ యూనివర్సిటీలో ఇలాంటి విధానం ఉందేమో కనుక్కోండి. లేకపోతే అకడమిక్ కౌన్సిల్‌లో ఎవరైనా లేవనెత్తాల్సిందే.

డబ్బు కట్టి ఓపెన్‌గా వేయించుకునేటప్పుడు కూడా ఒక మెలిక ఉంటుంది. సైట్‌లో సీసీ బై, సీసీ బై-ఎన్‌సీ-ఎన్‌డీ రెండూ చూపిస్తారు. రెండోది భద్రంగా అనిపించి చాలామంది దాన్నే ఎంచుకుంటారు. కొన్ని పబ్లిషర్ల ఒప్పందాల్లో, ఎన్‌సీ-ఎన్‌డీ ఎంచుకుంటే వాణిజ్య హక్కులూ అనువాద హక్కులూ ఆ పబ్లిషర్‌కే ప్రత్యేకంగా పోతాయి. అంటే ప్రపంచంలో ఎవరూ వ్యాపారం చేయకూడదు, వాళ్లు తప్ప. డబ్బు కట్టింది మీరు! ఓపెన్ అంటే డబ్బు కట్టడమే అనే భ్రమ కూడా వద్దు. రచయిత దగ్గర గానీ పాఠకుడి దగ్గర గానీ పైసా తీసుకోని పత్రికలు చాలా ఉన్నాయి, ఓపెన్ యాక్సెస్ పత్రికల పట్టిక అయిన డీఓఏజేలో ఫీజు లేనివాటిని విడిగా వడగట్టి చూడవచ్చు.

థీసిస్‌లో బొమ్మలు

సమర్పణకు వారం ముందు పరుగెత్తుకొచ్చేవాళ్లది ఈ సమస్య. మీ పేపర్‌లో మీరే గీసిన బొమ్మ అయినా, కాపీరైట్ బదిలీ చేసి ఉంటే అనుమతి చూసుకోవాలి. ఎల్సెవియర్ తన రచయితలను వ్యాపారేతర థీసిస్‌లో వ్యాసం మొత్తం చేర్చుకోనిస్తుంది. ఇంజనీరింగ్ పత్రికలు వేసే ఐఈఈఈ అయితే ఆమోదిత ప్రతిని, తను సూచించిన కాపీరైట్ వాక్యంతో వాడుకోమంటుంది. ఇతరుల బొమ్మ అయితే వ్యాసం పేజీలో "పర్మిషన్స్" అనే లింకు వెతకండి. చాలాచోట్ల అది అనుమతులు ఇచ్చే రైట్స్‌లింక్ అనే సైట్‌కు తీసుకెళ్తుంది. వాడకం దగ్గర "థీసిస్", భాగం దగ్గర "బొమ్మలు", ఎన్ని బొమ్మలో సంఖ్య, ముద్రిత, ఎలక్ట్రానిక్ రెండూ ఎంచుకోండి. ఎలక్ట్రానిక్ వదిలేస్తే రిపాజిటరీలో పెట్టేటప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. థీసిస్‌కు తరచుగా రుసుము సున్నా చూపిస్తుంది. అయినా ఆర్డర్ పూర్తిచేసి, లైసెన్స్ నంబర్ ఉన్న పీడీఎఫ్ దాచుకోండి. బొమ్మ కింద ఆ నంబర్ రాయండి.

కోడ్, డేటా గురించి రెండు మాటలు. కోడ్‌కు సీసీ లైసెన్స్ పెట్టొద్దని క్రియేటివ్ కామన్సే చెబుతుంది. ఎంఐటీ, అపాచీ 2.0, జీపీఎల్‌లలో ఒకటి ఎంచుకుని లైసెన్స్ ఫైలు పెట్టండి. గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉన్నా లైసెన్స్ ఫైలు లేని కోడ్‌ను ఇతరులు చూడగలరు, ఆ సైట్‌లోనే ఫోర్క్ చేసుకోగలరు (తమ ఖాతాలోకి ప్రతి తీసుకోగలరు), అంతకుమించి మీరు ఏ అనుమతీ ఇవ్వనట్టే. డేటాకు సీసీ జీరో గానీ సీసీ బై గానీ మంచిది. పరిశోధన ఫైళ్లు దాచే జెనోడో సైట్‌లో పెడితే డీఓఐ కూడా వస్తుంది.

అనుమతి అడగడం

ఏ లైసెన్సూ లేదు, ఏ మినహాయింపూ వర్తించదు, ఆ బొమ్మే కావాలి. అప్పుడు మెయిల్ రాయాలి. "మీ బొమ్మ వాడుకోవచ్చా?" అని ఒక్క ముక్క రాస్తే జవాబు రాదు, వచ్చినా పనికిరాదు. ఏ బొమ్మో, ఎక్కడ వాడతారో, ఎంతమంది చూస్తారో, ఏ లైసెన్స్ కిందో అన్నీ అందులోనే ఉండాలి. నేను ఇచ్చే నమూనా ఇది:

"మీ ఫలానా వ్యాసంలోని 3వ బొమ్మను నా పాఠ్యపుస్తకం 5వ అధ్యాయంలో, లేబుళ్లు తెలుగులోకి మార్చి, వాడుకోవాలని ఉంది. పుస్తకం ఉచితంగా ఆన్‌లైన్‌లో, సీసీ బై 4.0 కింద వస్తుంది. మీ బొమ్మను కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వగలరా? కుదరకపోతే, బొమ్మ కింద 'అనుమతితో, పునర్వినియోగానికి కాదు' అని రాసి ఈ పుస్తకంలో మాత్రం వాడుకోవడానికి అనుమతిస్తారా? హక్కులు మీ దగ్గర లేకపోతే ఎవరిని అడగాలో చెప్పగలరు."

ఆ చివరి వాక్యం వదలకండి. సగం సందర్భాల్లో రచయిత హృదయపూర్వకంగా "వాడుకోండి" అంటారు, హక్కేమో ఎప్పుడో పబ్లిషర్‌కు పోయి ఉంటుంది. ఫోన్‌లోనో సదస్సులో టీ తాగుతూనో ఇచ్చిన మాటను ఆ సాయంత్రమే "మీరు ఒప్పుకున్నట్టుగా" అని మెయిల్‌లో రాసి, వాళ్ల చేత ఒక్క జవాబు వేయించుకోండి. విద్యార్థుల వ్యాసాలను వచ్చే ఏడాదికి నమూనాగా చూపించాలన్నా ఇదే పద్ధతి. వాళ్ల రచన వాళ్లదే, మార్కులు వేశాక అడగండి, ముందు అడిగితే కాదనలేరు.

రెండు మూడు వారాలు చూసి ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ జవాబు రాకపోతే మౌనాన్ని అంగీకారంగా రాసుకోకండి. ఆ బొమ్మకు లింకు ఇచ్చి, పుస్తకంలో మీరే కొత్తది గీయండి లేదా ఓపెన్ లైసెన్స్ ఉన్న మరోటి వెతకండి. మొత్తం మెయిళ్లనూ లైసెన్స్ పీడీఎఫ్‌లనూ, తీసుకున్న రోజున లైసెన్స్ పేజీ ఎలా ఉందో చూపే స్క్రీన్‌షాట్‌నూ, బొమ్మ నంబర్ పేరుతో ఒకే ఫోల్డర్‌లో పెట్టండి.